కలం పట్టి ప్రాణమిచ్చిన షోయబుల్లా ఖాన్

మన మల్కాపురంలో షిప్‌యార్డుకో, రిఫైనరీకో, పోర్టుకో డ్యూటీకి పోయే ఇళ్లలో పేపరు చదివే అలవాటు పాతదే. టీ కొట్టు బల్ల మీద ఒక్క పేపరు పదిమంది చేతులు మారేది. సాయంత్రానికి అదే పేపరు పకోడీల పొట్లమయ్యేది. ఆ కాగితం వెనుక ఒక్కోసారి ఒక మనిషి ప్రాణమే ఉంటుందన్న సంగతి మనకు తట్టదు. అందుచేత ఈ ఏటి సంచికలో షోయబుల్లా ఖాన్ గారి జీవితాన్ని మన సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు చెప్పదలిచాము.

ఆయన 1920 అక్టోబరు 17న మహబూబాబాద్ ప్రాంతంలోని సుబ్రవేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ గారు రైల్వే పోలీసు ఉద్యోగి. గాంధీ మహాత్ముని మీది అభిమానంతో ఆ తండ్రి కొడుకును ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవారని చెబుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టా పుచ్చుకున్న యువకుడికి ఆ రోజుల్లో సర్కారు కొలువు దొరకడం అంత కష్టమేమీ కాదు. అయినా ఆయన ఆ దారి పట్టలేదు. తేజ్ అనే ఉర్దూ పత్రికలో చేరారు.

తేజ్ రాతలు నిజాం ప్రభుత్వానికి గిట్టలేదు. దాన్ని నిషేధించారు. తరువాత ఆయన మందుముల నరసింగరావు గారి రయ్యత్ పత్రికలో పనిచేశారు. దానికీ అదే గతి పట్టింది. మరొకరైతే ఇక మనకెందుకులే అని ఊరుకునేవారే. ఖాన్ గారు మాత్రం సొంత పత్రికకే పూనుకున్నారు. ఇంట్లో ఆడవారి నగలు పెట్టుబడి అయ్యాయి. బూర్గుల రామకృష్ణారావు గారు అండగా నిలిచారు. 1947 నవంబరు 15న ఇమ్రోజ్ తొలి సంచిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం.

అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు నెలలు. హైదరాబాద్ సంస్థానం మాత్రం ఇండియన్ యూనియన్‌లో కలవలేదు. పల్లెల్లో రజాకార్ల ఆగడాలు మితిమీరాయి. ఖాన్ గారు వాటిని దాచకుండా రాశారు. సంస్థానం యూనియన్‌లో కలవడమే హిందువులకూ, ముస్లిములకూ మేలని వాదించారు. 1948 ఆగస్టులో కొందరు ముస్లిం పెద్దలు ఇదే కోరుతూ ఒక ప్రకటన చేస్తే దాన్నీ ఇమ్రోజ్‌లో వేశారు. బెదిరింపులు వచ్చాయి. ఆయన వెనక్కి తగ్గలేదు.

1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని బావమరిది ఇస్మాయిల్ ఖాన్ గారితో కాచిగూడ వైపు ఇంటికి వెళ్తుండగా దుండగులు దాడి చేశారు. తుపాకితో కాల్చి, చేతిని నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ గారూ గాయపడ్డారు. తెల్లవారుజామున షోయబుల్లా ఖాన్ గారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు నిండా 28 ఏళ్లు కూడా లేవు. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 17న, ఆయన కోరినదే జరిగింది. నిజాం సైన్యం లొంగిపోయింది.

ఇమ్రోజ్ నడిచింది తొమ్మిది నెలలే. కానీ ఆనాటి ముస్లిములంతా ఒక్క మాట మీదే ఉన్నారని ఎవరైనా అంటే, కాదని చెప్పడానికి ఆ పుటలే సాక్ష్యం. సాక్ష్యం చెదలు పాలైతే మన కథ ఇతరులు తమకు తోచినట్టు చెబుతారు. ఖాన్ గారి జీవితం నుండి మేము నేర్చుకున్నది ఇదే.

చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను భద్రపరచింది. హైదరాబాద్‌లో అబ్దుస్ సమద్ ఖాన్ గారు స్వయంగా సేకరించిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలతో ఉర్దూ రీసెర్చ్ సెంటర్ ఏర్పడింది. ఆ భండారం తరువాత సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. 2000 ఆగస్టు వరదలో ఆ కేంద్రంలోకి నీళ్లు జొరబడ్డాయి. గ్రంథాలయానికే ఆ ఆపద తప్పనప్పుడు మన ఇనప్పెట్టెల మాట చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన కప్పులు లేపినప్పుడు నగలు, సర్టిఫికెట్లు వెదుక్కున్నాము. పాత కరపత్రాల కోసం వెదికినవారెవరు?

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. పాత సంచికలు, మిలాద్ సభల కరపత్రాలు, ముషాయిరా నోటీసులు, మీటింగు మినిట్స్ పుస్తకాలు నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా ఉంచాలి. సముద్రపు గాలికి గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి కనుక వాటిని తీసేయాలి. ఫొటో వెనుక పేర్లు, సంవత్సరం పెన్సిలుతో రాయాలి. ప్రతి పుటనూ సెల్‌ఫోనులో ఫొటో తీసి రెండు వేర్వేరు ఇళ్లలో దాచాలి. మన నానీ, దాదాలు చెప్పే పాత సంగతులను వాళ్ల గొంతులోనే రికార్డు చేయాలి.

మీ ఇళ్లలో అటువంటి కాగితాలు ఏమున్నా, చిరిగినవైనా సరే, సంఘానికి తెచ్చి చూపించమని మనవి. ఫొటో తీసుకొని అసలు కాగితం మీకే తిరిగి ఇస్తాము. ఈ సంచికను కూడా చదివి పారేయకండి. దాచండి.