పర్లాకిమిడి హిస్టరీ మేష్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసిపెట్టమని మన సంఘం వారు అడిగినప్పుడు, రాజులనూ నాయకులనూ పక్కనబెట్టి ఒక బడిపంతులును ఎంచుకున్నాను. బడి పేరిట వచ్చే పుస్తకంలో బడిపంతులుకు చోటు దక్కడం న్యాయమనిపించింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేరు వినని వారు మనలో ఉండరు. ఏటా ఆగస్టు 29న మనం జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. ఆ రోజు పటానికి దండ వేసి, వ్యావహారిక భాషోద్యమ పితామహుడని రెండు మాటలు చెప్పి వేదిక దిగిపోతాం. ఆయన బడిలో చెప్పిన పాఠం తెలుగు కాదు, చరిత్ర. భాష అనేది ఎలా నడుస్తుందో ఆయనకు బాగా తెలిసివచ్చింది కూడా తెలుగు వల్ల కాదు, సవర వల్ల. వేదికల మీద ఈ సంగతి ఎత్తేవారు తక్కువ కాబట్టి నేను దాని గురించే రాస్తాను.

పంతులుగారు 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. 1875లో, కుర్రవాడికి పన్నెండేళ్ళప్పుడు తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామగారింట ఉండి మహారాజావారి బడిలో చదువుకున్నారు. అక్కడ ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. తెలుగు వచనం దారి మళ్ళించిన ఇద్దరు ఒకే బడిలో చదువుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద ఒకటో ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉద్యోగం దొరికింది. పై పరీక్షలన్నీ ఆ ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా కట్టి పాసైనవే.

చరిత్ర చెప్పే మేష్టారుకు ఊరి పక్కనే శాసనాలున్న గుడి ఉంటే ఊరుకోబుద్ధి అవుతుందా? శ్రీముఖలింగం గుడి గోడలు, స్తంభాల మీద గాంగ రాజుల నాటి రాతలున్నాయి. వాటిని చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించగా ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చయింది. అది శక సంవత్సరం 979 నాటిది, అంటే మన లెక్కలో పదకొండో శతాబ్దం.

శాసనాల సంగతి ఎందుకు ఎత్తానంటే, పాత రాతలు చదివినవాడికి భాష మారదనే నమ్మకం నిలవదు. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. మనం వాడు అంటున్నాం. మన తాతలు చదివిన పుస్తకాల్లో అది వాఁడు, మధ్యలో అరసున్న. అంతకు ముందు నిండుసున్నతో వాండు. మరీ పాత శాసనాల్లోకి వెళితే వాన్ఱు. నోట్లో నలిగి నలిగి న్ఱు కాస్తా ండు అయింది, నిండుసున్న సగమై, చివరికి మాయమైంది. పరీక్ష కాగితాల్లో పిల్లలు అరసున్న పెట్టలేదని మార్కులు కోసిన పండితులు ఒకప్పుడు ఉండేవారు. ఆ అరసున్న అంతకు ముందరి మాట అరిగిపోగా మిగిలిన మచ్చ. ఒక తరం అపభ్రంశమన్నది ఇంకో తరానికి శుద్ధమైంది. నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పాను. నా క్లాసులో ఈ వాన్ఱు కథ చెప్పినప్పుడు నిద్రపోయిన పిల్లవాణ్ణి చూడలేదు.

ఇక సవరలు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలు సంతకు దిగి వచ్చేవారు. వారి మాట కింద ఊళ్ళవారికి తెలియదు, కింద ఊళ్ళ మాట వారికి అంతంతమాత్రం. ఆ సందులోనే దళారి, షావుకారు బతికేవారు. ఈ మనుషులకు చదువు చెప్పాలని పంతులుగారికి పట్టుకుంది. చెప్పాలంటే ముందు వారి భాష తనకు రావాలి. నేర్చుకుందామంటే పుస్తకం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. అందుకని తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని అతని నోటి నుంచే నేర్చుకున్నారు. కొండల మీదికి తిరిగారు. మన్యం జ్వరం పట్టుకుంది. జ్వరానికి క్వినైను మింగి మింగి చెవులు పోయాయి. చెవితో భాషను పట్టుకోవలసిన మనిషికి వినికిడి పోవడం కన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? ఆయన మటుకు సవర వదల్లేదు.

సవర తెలుగుకు చుట్టం కాదు, ఒడియాకూ కాదు. అది ముండా భాషల్లో ఒకటి. దాని దూరపు బంధువులు అస్సాం పక్క ఖాసీ కొండల్లోనూ, ఇంకా తూర్పుకు పోతే కంబోడియాలోనూ ఉన్నారు. మాట మధ్యలో గొంతు దగ్గర ఊపిరి టక్కున ఆపే ధ్వని ఒకటి అందులో ఉంది. మన అక్షరమాలలో దానికి అక్షరం లేదు. క్రియలో నామం దూరి కూర్చోవడం దాని ఇంకో వింత. పులి నిన్ను పట్టుకుంటుంది అని మనం మూడు మాటల్లో అంటాం. సవర అదంతా ఒక్క మాటలో అనగలడు. మొదట పట్టు అనే ధాతువు, దాని వెనక పులి, ఆ వెనక కాలం, చివర నువ్వు. అలా దూరేటప్పుడు పులి తన పూర్తి పేరుతో రాదు, క్రియలో ఇమిడే పొట్టి రూపంలో వస్తుంది. తలకు నూనె రాసుకుంటాను అనడానికి కూడా రాయడం, నూనె, తల, నేను అన్నీ ఒకే పూసల పేరు. లెక్కలు చూడండి. పన్నెండు దాకా ఒక వరస. పదమూడు అంటే పన్నెండూ ఒకటీ, పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవై దగ్గర ఇంకో మెట్టు. ముప్పై మూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి.

ఇలాంటి భాష ముందు కూర్చున్నవాడికి బాలవ్యాకరణం ఎందుకు పనికొస్తుంది? సంస్కృత వ్యాకరణం చూపించి ఇక్కడ విభక్తులు ఏవి, తత్సమాలు ఏవి అని సవరను అడగలేం కదా. అతను ఏమంటున్నాడో విని, పదిమంది నోట అదే వచ్చిందో లేదో చూసి, అప్పుడు సూత్రం రాసుకోవాలి. పిల్లాడి మీద కోపంతో అన్నదీ, పొలం గట్టు మీద నవ్వుతూ అన్నదీ కూడా లెక్కలోకి వస్తాయి. ఒక మాటకు అర్థం ఏమిటని నిలదీసి అడిగితే తెలిసేది సగమే. ఆ మాట ఎక్కడ అంటారు, ఎక్కడ అనరు అన్నది చూస్తేనే మిగతా సగం. మన పాత వైయాకరణులు దీన్ని లక్ష్య లక్షణాలన్నారు. జనం వాడేది లక్ష్యం, దాన్ని చూసి పండితుడు రాసేది లక్షణం. లక్ష్యం ముందు, లక్షణం తరవాత. ఈ ముక్క మన తెలుగు పండితులకు కంఠతా వచ్చు. పంతులుగారు మాత్రం దాన్ని సవర ఇంట్లో కూర్చుని ఆచరించారు.

సవర పిల్లలకు సొంత ఖర్చుతో బళ్ళు పెట్టించారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. సవర వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో అచ్చయింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది, అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్ళు. ముండా భాషల మీద పనిచేసే విదేశీ పండితులు ఇవాళ్టికీ ఆ వ్యాకరణాన్ని ముందు పెట్టుకునే మొదలుపెడతారు. పైన చెప్పిన పులి మాట అందులోదే.

ఇప్పుడు తెలుగు. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు జె.ఎ. యేట్స్ అనే దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్న ఆ దొరకు ఒక అనుమానం కలిగింది. బళ్ళో పుస్తకాల్లో ఉన్న తెలుగు బయట ఎవరి నోటా వినపడదెందుకు? విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను గిడుగు, గురజాడల దాకా తెచ్చారు. అదే ప్రశ్న ఇంకొకరికి వేస్తే అది దేశభాష, ఇది గ్రంథభాష అని సర్దిచెప్పి పంపేవారేమో. పంతులుగారికి అలా సర్దుకోవడం కుదరలేదు. సవర విషయంలో తాను చేసిన పని తెలుగు విషయంలో ఎవరూ చేయలేదని ఆయనకు కనపడింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అది చక్కని గ్రంథం, సూత్రం రాయడంలో సూరిని మించినవాడు మనకు లేడు. కాని దానికి లక్ష్యం కావ్యాలు. కావ్యాల పద్యభాష చూసి రాసిన సూత్రాలతో పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దపు పిల్లవాడు వ్యాసం రాయాలి. ఇంట్లో వస్తున్నాడు, చేశారు అనే పిల్లవాడు బళ్ళో వచ్చుచున్నాడు, చేసిరి అని రాయాలి. తప్పుతాడేమోనన్న భయంతోనే కలం పట్టుకోవాలి.

ఇక్కడ నా మాట ఒకటి. మనం వచ్చాడు అని రాస్తాం గాని, అందులో చ్చా దగ్గర నోటితో పలికేది ఆ కాదు. ఆ కూ ఏ కూ మధ్య ఒక అచ్చు అది, మన లిపిలో దానికి గుర్తు లేదు. అక్షరం వేరు, ధ్వని వేరు అని సవరకు గుర్తులు వెతికిన మనిషికి ఒకరు చెప్పాలా?

పోరు పెద్దదే నడిచింది. ఎదటి పక్షానికి జయంతి రామయ్య పంతులుగారు పెద్ద. ఆయన చదువు తక్కువవాడేమీ కాదు, శాసనాలు ఎరిగిన పండితుడు. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెనక నిలబడ్డవాడు. ఊరికో తెలుగు ఉంటే, అన్నీ పుస్తకాలకెక్కితే, భాష ముక్కలైపోతుందని వారి భయం. అది ఉత్తి ఛాందసమని నేను అనను. పంతులుగారు 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లీషులో విజ్ఞాపన రాశారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. ఆ విడతలో గెలుపు గ్రాంథికానిదే. 1915లో గురజాడ పోయారు. 1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడి కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులైతే, అదే ఏడాది మే నెలలో ఆయనా పోయారు. ఒక్కొక్కరూ వెళ్ళిపోతుంటే ఈయన తెలుగు అనే పత్రిక పెట్టి, ఊరూరా తిరిగి మాట్లాడారు. 1925లో తణుకులో పరిషత్తు వారి సభలోనే నాలుగు గంటలు ఉపన్యసించారు.

ఆయన వాదించిన తీరు పక్కా చరిత్ర మేష్టారి తీరు. ఉద్రేకం కన్నా సాక్ష్యం ఎక్కువ. పాత వ్యాఖ్యానాలు, తాటాకు కైఫీయతులు, స్థానిక చరిత్రలు గాలించి, పండితులు కూడా వచనం రాసేటప్పుడు తమ కాలపు వాడుక మాటలే వాడారని చూపించారు. గద్య చింతామణి అలాంటి సాక్ష్యాల మూట. ఇంకో అడుగు ముందుకేసి, గ్రాంథికం తప్ప రాయకూడదన్న పండితుల పుస్తకాల్లోనే వారి సూత్రాల ప్రకారం ఎన్ని తప్పులున్నాయో ఏరి పెట్టారు. ఇందులో ఆయనకు కొంత కొంటెతనం కూడా ఉందని నా అనుమానం. రాయించేవారికే రాని భాషలో పిల్లలు రాయాలనడం ఏమిటి అన్నది ఆయన అడిగినదాని సారం.

ఒక్క చోట నాకు ఆయనతో పేచీ. ఆయన పుస్తకాలకు ఎక్కించమన్నది శిష్టుల వ్యావహారికం, అంటే చదువుకున్న కుటుంబాల నోటి మాట. ఊరికో తెలుగు అవుతుందన్న వారికి అది మంచి జవాబే. కాని ఆ శిష్టుల్లో పాలేరు లేడు, చాకలి లేదు. కోస్తా వారి మాటకు దొరికిన మన్నన తెలంగాణ, రాయలసీమ మాటలకు చాలాకాలం దొరకలేదు. సవర గుడిసెలో ఏ మాటనూ తక్కువ చేయకుండా విన్న చెవి, తెలుగు పాలేరు దగ్గర అంతసేపు ఆగలేదేమో. ఆ కాలంలో అంతకన్నా అడిగితే అసలే దక్కేది కాదని అనేవారూ ఉన్నారు. వారిదీ నిజమే కావచ్చు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువారున్న చోటును అలా కలపడం కూడదని పంతులుగారు ఎంతో పోరాడారు. అది జరగలేదు. యాభై ఆరేళ్ళు ఉన్న ఊరిని ఆ రోజు పొద్దున్నే విడిచిపెట్టి రాజమండ్రి చేరుకున్నారు. అదే 1936లో ఒరిస్సా కొండల్లో మంగేయి గొమాంగో అనే ఆయన సవరలకు సొంత లిపి తయారుచేశాడు. ఒరిస్సా సవరల్లో అది ఇప్పటికీ ఉంది.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావుగారు అప్పటికే జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపి చూపించారు. తక్కిన పత్రికలు ఇంకా వెనకాముందూ ఆడుతున్నాయి. 1940 జనవరి 15న, వినపడని చెవులతో, డెబ్బై ఆరేళ్ళ వయసులో, మద్రాసులో పత్రికా సంపాదకుల ముందు కూర్చుని మీరైనా జనం మాటలో రాయండని బతిమాలుకున్నారు. సరిగ్గా వారానికి, జనవరి 22న, కన్నుమూశారు.