డాక్టర్ ఎడ్వర్డు లారీ

శస్త్రచికిత్సలో క్లోరోఫారము బాధను మాపినను, ఒక్కొక్కప్పుడు ప్రాణమునే హరించుచుండెను. మొదట ఆగునది గుండెయా, ఊపిరియా? హైదరాబాదు వైద్య విద్యాలయాధ్యక్షులైన లారీగారు దీనిని తేల్చబూనిరి. పాతబస్తీకి మూసీ ఆవలిగట్టుననున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వారి కార్యక్షేత్రము. 1888లో తొలి క్లోరోఫారము కమిషను వెలసెను. దాని నిర్ణయమును లండనులోని లాన్సెట్ పత్రిక శంకింపగా, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌనులొసగి 1889లో రెండవ కమిషను జరిపించిరి. డాక్టర్ లాడర్ బ్రంటన్ లండనునుండి వచ్చి పాల్గొనిరి. వందలాది జంతువులను పరీక్షించి, ముందాగునది ఊపిరియేయని తీర్మానించిరి. మత్తిచ్చువారు రోగి శ్వాసనే కనిపెట్టియుండవలెనని లారీగారు బోధించిరి.

1911లో లెవీ అను వైద్యుడు క్లోరోఫారము గుండెనే హఠాత్తుగా నిలుపగలదని నిరూపించెను. 1915లో లారీగారు గతించిరి. గుండె విషయమున పొరబడినను, ఊపిరిని కనిపెట్టుడన్న వారి హెచ్చరిక నేటికిని వైద్యులకు శిరోధార్యము.