పంపని లేఖ: అబ్రహాం లింకన్ మనోనిగ్రహము

మనుజునకు కోపతాపములు, శోకమోహములు సహజములు. అవి అసలు పుట్టకుండ చేయుట మానవశక్తికి మించిన పని. పుట్టినవానిని ఎట్లు భరింపవలెను, ఎప్పుడు వెలిపుచ్చవలెను, ఎప్పుడు లోననే నిలుపుకొనవలెను అనునది మాత్రము అభ్యాసముచే నేర్వదగిన విద్య. 1990వ సంవత్సరమున పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విద్యను శాస్త్రరీతిగా నిర్వచించిరి. దానినే నేడు భావోద్వేగ ప్రజ్ఞ యనుచున్నారు. పేరు క్రొత్తది, విద్య ప్రాతది. దానిని పెక్కు కష్టములకోర్చి, కాలు జారి లేచి నేర్చిన మహనీయులలో అమెరికా సంయుక్త రాష్ట్రముల 16వ అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ ఒకడు.

లింకన్ 1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రమున కొయ్యదుంగలతో కట్టిన యొక చిన్న యింట జన్మించెను. తొమ్మిదవ యేట తల్లి నాన్సీ మరణించెను. మరుసటి సంవత్సరము సవతితల్లిగా వచ్చిన సారా ఆ బాలుని కన్నతల్లివలె ఆదరించెను. ఆయన బడికి పోయిన దినములన్నియు కూడినను ఒక సంవత్సరము నిండదు. ఎరవు తెచ్చుకొనిన పుస్తకములే ఆయనకు గురువులు. అట్లు స్వయంకృషిచే న్యాయశాస్త్రము నభ్యసించి 1836లో న్యాయవాది పట్టా పొందెను.

ఆయన హృదయమున చిన్ననాటినుండియు విషాదము గూడుకట్టుకొని యుండెను. వివాహ నిశ్చయము చెడిన 1841 జనవరి మాసమున అది మిక్కిలి తీవ్రమై, మిత్రులు ఆయన ప్రాణమునకే భయపడిరి. లింకన్ తన దుఃఖమును దాచుకొనలేదు. ఆ వేసవిలో జాషువా స్పీడ్ అను మిత్రుని యింటికి కెంటకీ పోయి, కొన్ని వారములు అతని కుటుంబముతో గడపి తేరుకొనెను. 1842 ఆరంభమున ఆ స్పీడే తన వివాహ విషయమున భయసంశయములకు లోనుకాగా, లింకన్ లేఖలు వ్రాసి ధైర్యము చెప్పెను. తాననుభవించిన బాధ యితరుని బాధ నెరుగుటకు సాధనమయ్యెను.

అయినను ఆయన నాలుక కింకను కళ్లెము పడలేదు. ఎదుటివానిని నవ్వులపాలు చేయుటలో ఆయన దిట్ట. 1842లో ఇల్లినాయి రాష్ట్ర ప్రభుత్వ గణకాధికారియైన జేమ్స్ షీల్డ్సును పరిహసించుచు, ఒక పల్లెటూరి స్త్రీ పేర స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రికలో లేఖ ప్రకటించెను. షీల్డ్సు మండిపడి ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. సెప్టెంబరు 22న మిసిసిపీ నదిలోని యొక దీవియందు ఇరువురును పొడుగుపాటి కత్తులతో పోరుటకు సిద్ధమైరి. తుదిక్షణమున మిత్రులు అడ్డుపడి సంధి చేసిరి. ఒక వినోదపు వ్రాత రెండు ప్రాణములను బలిగొనునంత పని చేసెను. ఆ పిమ్మట లింకన్ ఆ ప్రస్తావనయే సహింపకుండెనని జీవిత చరిత్రకారులు వ్రాసిరి. 1861లో అంతర్యుద్ధము వచ్చినప్పుడు ఆ షీల్డ్సునకే లింకన్ ప్రభుత్వము సేనాని పదవి నొసగెను.

అధ్యక్షుడైన పిమ్మట అవమానములు లెక్కకు మీరి వచ్చెను. 1861 నవంబరులో ఒక రాత్రి ఆయన సేనాధిపతి మెక్‌క్లెల్లన్ యింటికి పోయి వేచియుండగా, ఆ సేనాధిపతి వచ్చియు పలుకరింపక మేడపైకి పోయి పరుండెను. లింకన్ నొచ్చుకొనక తిరిగి పోయెను. 1855లో ఒక పెద్ద వ్యాజ్యమునందు ఎడ్విన్ స్టాంటన్ అను ప్రముఖ న్యాయవాది ఆయనను పల్లెటూరివాడని తృణీకరించి దూరముంచెను. 1862 జనవరిలో యుద్ధమంత్రి కావలసివచ్చినప్పుడు లింకన్ ఆ స్టాంటన్‌నే నియమించెను. పాత గాయముకన్న ఆ పదవికి తగిన సామర్థ్యమే ఆయనకు ముఖ్యమయ్యెను. మరుసటి నెలలో, ఫిబ్రవరి 20న, పదునొకండేండ్ల కుమారుడు విల్లీ జ్వరమున మరణించెను. ఆ పుత్రశోకమును మోయుచునే ఆయన రాజ్యభారమును వహించెను.

ఆయన మనోనిగ్రహమునకు గొప్ప పరీక్ష 1863 జూలైలో వచ్చెను. గెటిస్‌బర్గ్ కడ మూడు దినములు ఘోరయుద్ధము జరిగెను. హతులు, క్షతగాత్రులు, జాడ తెలియనివారు కలిసి ఉభయ పక్షములయందు సుమారు 50,000 మంది. జనరల్ మీడ్ నాయకత్వమున ప్రభుత్వ సేన గెలిచెను. ఓడిన లీ సేనాని వెనుకకు మరలగా, వానలకు పొంగిన పొటోమాక్ నది అడ్డగించెను. అప్పుడే తరిమి పట్టుకొనినచో యుద్ధము ముగియునని లింకన్ ఆశించెను. మీడ్ తడయుటచే జూలై 13వ తేదీ రాత్రి లీ నది దాటి పోయెను. అధ్యక్షుని అసంతృప్తి తంతి ద్వారా తెలియగానే మీడ్ తన్ను పదవినుండి తొలగింపుడని కోరెను. ఆ కోరిక నంగీకరింపలేదు.

జూలై 14న లింకన్ మీడ్‌ను ఓదార్పదలచి లేఖ వ్రాయ మొదలిడెను. కృతజ్ఞతతో నారంభమైన లేఖ క్రమముగా నిష్ఠురముగా మారెను. చేజారిన అవకాశము, ఇంకను ఎంతకాలమో సాగనున్న యుద్ధము, తన తీరని వేదన అన్నియు అందు చేరెను. వ్రాసి ముగించి, చదువుకొని, సంతకము చేయక మడిచి కవరులో నుంచెను. పంపలేదనియు, సంతకము చేయలేదనియు దానిపై వ్రాసెను. ఆయన మరణానంతరము అది కాగితములలో దొరకెను. మీడ్ యుద్ధాంతము వరకు ఆ సేనకు నాయకుడుగానే యుండెను.

పాఠక మహాశయులు ఇచ్చట గమనింపవలసిన విశేషమొకటి కలదు. లింకన్ తన కోపమును లేదని బొంకలేదు, అణగద్రొక్కలేదు. కాగితముపై పూర్తిగా వెలిపుచ్చెను. కాని కోపము పుట్టుటకును, అది ఎదుటివానిని తాకుటకును నడుమ కొంత యెడమును కల్పించెను. ఆ యెడమున వివేకము పనిచేసెను. 1842లో తొందరపడి పత్రికకు పంపిన చేయియే 1863లో నిలిచిపోయెను. ఈ రెండు చేతలకు నడుమ ఇరువది యొక్క సంవత్సరముల సాధన కలదు.

1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయెను. ఓడిన సైనికులను చెరసాలకు పంపక యిండ్లకు పోనిచ్చిరి. లింకన్ కోరిన శాంతి అదియే. ఏప్రిల్ 14 రాత్రి హంతకుని గుండు తగిలి, మరునాటి యుదయమున ఆయన మరణించెను. ఒకనాడు తృణీకరించిన స్టాంటన్ ఆ రాత్రియంతయు అచ్చటనే యుండి, పిమ్మట కన్నీరు విడిచెను.

ఆ దినములలో లేఖ చేరుటకు సమయము పట్టెడిది. నేడు చేతిలోని ఫోను ద్వారా పరుషవాక్యము క్షణములో చేరిపోవుచున్నది. అన్నదమ్ముల భూవివాదమైనను, అత్తాకోడండ్ర మాటపట్టింపైనను, మొదటి కోపమున వ్రాసినదానిని ఒక రాత్రి దాచి యుంచుడు. ఉదయమున మరల చదువుడు. అప్పటికిని పంపదగినదని తోచినచో పంపుడు. పిల్లలకు ఈ యలవాటు చిన్ననాడే నేర్పినచో వారికి మనమిచ్చు ఆస్తిలో అదియు నొక భాగమగును.