గ్రామపత్రముల కాపరి: ఎమిలియానో జపాటా

మెక్సికో నగరమునకు దక్షిణమున, కొండలకు ఆవల, మొరెలోస్ అను చిన్న రాష్ట్రము కలదు. అచ్చట చెఱకు ఏపుగా పండును. ఆ చెఱకే అచ్చటి రైతుల కష్టములకు మూలమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దము చివర ఆ ప్రాంతమునకు రైలుమార్గములు వచ్చెను. క్రొత్త యంత్రములతో చక్కెర మిల్లులు వెలసెను. మిల్లు పెద్దదైన కొలదియు చెఱకు ఎక్కువ కావలయును. చెఱకునకు భూమియు నీరును కావలయును. హసియెండాలని పిలువబడు పెద్ద ఎస్టేటుల యజమానులు గ్రామముల ఉమ్మడి పొలములను, పచ్చికబయళ్లను, కాలువలను ఒక్కొక్కటిగా ఆక్రమించుకొనిరి. గ్రామస్థులు న్యాయస్థానముల చుట్టును తిరిగిరి. కాని దేశాధ్యక్షుడైన పోర్ఫీరియో డియాజ్ మొదలుకొని జిల్లా అధికారి వఱకు ప్రభుత్వము ఎస్టేటుదారుల పక్షముననే యుండెను.

ఆ రాష్ట్రమునందలి అనెనెకువిల్కో అను పల్లెలో 1879వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన ఎమిలియానో జపాటా జన్మించెను. అతనిది ధనికకుటుంబము కాదు, నిఱుపేద కుటుంబమును కాదు. పదునెనిమిదేండ్లు నిండకముందే తల్లిదండ్రులు గతించిరి. గుఱ్ఱములను మచ్చిక చేయుటలో అతనికి ఆ ప్రాంతమున గొప్ప పేరుండెను.

1909వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఆ పల్లెలో సభ జరిగెను. నాలుగువందలమందియైనను లేని పల్లె యది. వృద్ధులైన పెద్దలు తమకు ఇక శక్తి లేదని చెప్పి, గ్రామసభాధ్యక్షునిగా మఱియొకని ఎన్నుకొనుడని కోరిరి. జనులు ముప్పదేండ్ల జపాటాను ఎన్నుకొనిరి. అప్పుడు పెద్దలు అతనికి కొన్ని పాతపత్రములను అప్పగించిరి. అవి మన కరణముల కవిలెకట్టల వంటివి. స్పెయిన్ రాజప్రతినిధుల కాలమునుండి ఆ గ్రామమునకు గల భూమిహక్కులు, పటములు అందుండెను. కొన్నిటిలో నావాత్ల్ అను ప్రాచీన భాషాపదములు కలవు. జపాటాయు, ఫ్రాన్సిస్కో ఫ్రాంకో అను కార్యదర్శియు కొన్నిదినములు కూర్చుండి వానిని శ్రద్ధగా పరిశీలించిరి. జపాటా జీవితమునందలి యుద్ధములన్నింటికంటె ఈ దినములే ముఖ్యమైనవని చెప్పవచ్చును. అతడు పోరాడినది క్రొత్తహక్కు కొఱకు కాదు. ఆ కాగితములలో నున్న పాతహక్కు కొఱకే.

మరుసటి సంవత్సరము ఎస్టేటువారు ఆ గ్రామపు పొలములను పొరుగూరివారికి కౌలుకిచ్చిరి. వానకాలము దాటిపోవుచుండెను, విన్నపములకు ఫలము కానరాలేదు. జపాటా ఎనుబదిమంది సాయుధులతో పొలములకు పోయి, అచ్చట దున్నుచున్నవారితో తనకు వైరము లేదని చెప్పి పంపివేసి, భూమిని తన గ్రామస్థులకు పంచియిచ్చెను.

అంతలో ఫ్రాన్సిస్కో మదేరో డియాజ్‌పై విప్లవము లేవదీసెను. అన్యాయముగా పోయిన భూములను తిరిగి యిప్పింతునని ఆయన ప్రకటనలో నుండెను. అది నమ్మి జపాటా 1911 మార్చిలో విప్లవమున చేరెను. మే మాసమున క్వావుట్లా పట్టణమును గెలిచెను. డియాజ్ దేశము విడిచిపోయెను. జూన్‌లో మదేరో, జపాటా కలిసికొనిరి. మొదట ఆయుధములు అప్పగింపవలెననియు, భూముల సంగతి తరువాత చట్టప్రకారము చూడవచ్చుననియు మదేరో చెప్పెను. అప్పుడు జపాటా మదేరో ధరించిన బంగారు గడియారమును చూపెనట. సాయుధుడొకడు దానిని బలిమిని లాగుకొనిపోయి, మఱియొకనాడు ఎదురుపడినపుడు, మదేరో చేతను ఆయుధమున్నచో దానిని తిరిగి యిమ్మని యడుగడా యని ప్రశ్నించెనట. నష్టపరిహారము కూడ కోరుదునని మదేరో బదులు చెప్పెను. మొరెలోస్ రైతులకు జరిగినది అదియేయని జపాటా వివరించెను.

మాట నెఱవేఱలేదు. నవంబరులో జపాటా, ఒటీలియో మొంటాన్యో అను బడిపంతులును కలిసి ఆయాల ప్రణాళికను వెలువరించిరి. గ్రామములనుండి అపహరింపబడిన భూములు గ్రామములకే చెందుననియు, ఎస్టేటులనుండి మూడవవంతు భూమిని పరిహారమిచ్చి తీసికొని భూమిలేనివారికి ఇయ్యవలెననియు అందుండెను. 1913లో మదేరో హతుడయ్యెను. వెర్తా గద్దెనెక్కెను, దిగెను. పిదప కరాన్సా వచ్చెను. రాజధానిలో ఎవరున్నను జపాటా అడిగినది ఒక్కటియే.

1914 నవంబరులో అతని సేన రాజధానిలో ప్రవేశించెను. పాంచో వియ్యా అధ్యక్షుని ఆసనముపై కూర్చుండి ఛాయాచిత్రము తీయించుకొనెను. జపాటా ప్రక్కన కూర్చుండెను. అతనికి ఆ నగరము నచ్చలేదు. త్వరలోనే మొరెలోస్ చేరి పంపకము మొదలిడెను. వ్యవసాయ కళాశాలనుండి యువకులు కొలతలకు వచ్చిరి. గ్రామస్థులు చూపిన ఱాతిగోడ ఎంత వంకరయైనను, సరిహద్దును దాని వెంబడియే గీయవలెనని జపాటా శాసించెను. అయితే మిల్లులు నడుచుటకు చెఱకు వేయుడని అతడు కోరినపుడు రైతులు వినక మొక్కజొన్న, చిక్కుడు వేసికొనిరి. నాయకుని మాటకంటె ఇంటి గాదె ముఖ్యమని వారు తలచియుందురు.

1916లో కరాన్సా సైన్యము మొరెలోస్‌పై పడి గ్రామములను తగులబెట్టెను. ఎదురుగా గెలువలేక చివరకు మోసమునకు దిగిరి. గ్వహార్దో అను సైనికాధికారి పక్షము మార్చినట్లు నటించి, 1919 ఏప్రిల్ 10వ తేదీన జపాటాను చినమేకా ఎస్టేటునకు పిలిచెను. పదిమంది అనుచరులతో అతడు ద్వారము చేరెను. గౌరవసూచకముగా బాకా మ్రోగెను. వందనము చేయవలసిన తుపాకులే పేలెను. అప్పటికి అతనికి నలుబదేండ్లు నిండలేదు. అతడు మరణింపలేదనియు, కొండలలో గుఱ్ఱముపై తిరుగుచున్నాడనియు పల్లెలవారు చిరకాలము చెప్పుకొనిరి.

1917నాటి రాజ్యాంగపు 27వ అధికరణము గ్రామములకు భూమి నిచ్చుటను అంగీకరించెను. 1934–40 మధ్య కార్డెనాస్ అధ్యక్షుడుగా నున్నపుడు సుమారు 1 కోటి 80 లక్షల హెక్టారులు పంచబడెను. కాని జపాటా కోరినది గ్రామపు స్వంతహక్కుగా భూమి తిరిగివచ్చుట. రైతులకు లభించినది రాజధానినుండి వచ్చిన దానము. ఇచ్చిన చేయి షరతులును పెట్టెను. 1992లో ఆ అధికరణమును సవరించి పంపకమును నిలిపివేసిరి.

ఫ్రాంకో మాత్రము ఆ పాతపత్రములను విడువక భద్రపఱచెను. సొతేలో ఇంక్లాన్ అను చరిత్రకారునికి ఆయనే వానిని చూపెను. వాని ఆధారముతో ఆ పల్లె భూములచరిత్ర 1943లో గ్రంథరూపమున వెలువడెను.