గిడియన్ మాంటెల్

గిడియన్ మాంటెల్ 1790వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి లూయిస్ పట్టణమున పాదరక్షలు కుట్టువాని యింట జన్మించెను. వైద్యుడై పగలు రోగులను చూచుచు, తీరిక దొరకినప్పుడెల్ల రాతిలోని ప్రాచీన జంతువుల యెముకలను ఉలితో తొలిచి తీయుచుండెను.

1832లో టిల్గేట్ అడవి రాతిగనియందు పనివారు మందుగుండు పేల్చగా ఒక బండ తునకలయ్యెను. వానిలో ఎముకలు కనబడెను. విరిగిన అవయవములను కూర్చు వైద్యునివలె మాంటెల్ సుమారు ఏబది తునకలను ఒక్కొక్కటే యతికెను. వెన్నుపూసలతోపాటు పొడవైన ఎముక ముండ్లును, పలకలును బయటపడెను. ఇవి మొసలి వీపుమీది బిళ్ళలవలె చర్మములోనే పుట్టి పెరిగిన ఎముకలు. ఆకులలములు మేయు జంతువునకు కవచము. దానికి మాంటెల్ హైలియోసారస్ అని పేరిడెను. ముండ్లు వీపు నడుమ వరుసగా నిలిచి యుండునని అతడు తలచెను. అవి ప్రక్కల నుండెనని తరువాతివారు తేల్చిరి. ఐనను కవచము గల రాక్షసిబల్లిని లోకమునకు తొలుత చూపినవాడు ఇతడే.

శాస్త్రము కీర్తి నిచ్చెను గాని కూడు పెట్టదయ్యెను. బ్రైటను నగరమునకు తరలిన పిదప ఇల్లే ప్రదర్శనశాల యయ్యెను; చూడవచ్చువారే గాని వైద్యమునకు వచ్చువారు తక్కువ. 1838లో తన సేకరణను బ్రిటిష్ మ్యూజియమునకు 4,000 పౌనులకు అమ్ముకొనెను. మరుసటి యేడు భార్య ఇల్లు విడిచెను. 1841లో బండి ప్రమాదమున అతని వెన్నెముకయే దెబ్బతినెను. 1842లో రిచర్డ్ ఓవెన్ డైనోసార్ అను పేరు కల్పించినపుడు ఆధారముగ గైకొనిన మూడు జంతువులలో రెండు మాంటెల్ వెలికి తెచ్చినవే; పేరు మాత్రము ఓవెనుకు దక్కెను. మాంటెల్ నొప్పి నోర్చుకొనుచు గ్రంథములు వ్రాయుచునే యుండి, 1852లో మరణించెను. అతడు అతికిన ఆ బండ నేటికిని లండనులోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలయం దున్నది.