దూరవాణిని దూరాలకు చేర్చిన మిహాయ్లో పూపిన్

టెలిఫోన్ అనగానే మనకు స్ఫురించే పేరు గ్రాహం బెల్. 1876లో ఆయన పరికరానికి పేటెంటు లభించింది. అయితే ఆ పరికరం పలికిన మాట వందల మైళ్ల తీగ దాటి స్పష్టంగా వినిపించేందుకు కృషి చేసిన వారిలో ముఖ్యుడు మిహాయ్లో పూపిన్. సరిహద్దు పల్లెలో పశువులు కాసిన బాలుడు న్యూయార్క్ నగరంలో ఆచార్య పదవిని అందుకున్న చరిత్ర ఆయనది.

పూపిన్ 1854 అక్టోబరు 9న బానాత్ ప్రాంతంలోని ఇద్వోర్ గ్రామంలో జన్మించారు. నేడు సెర్బియాలో ఉన్న ఈ ఊరు ఆనాడు ఆస్ట్రియా సామ్రాజ్యపు సైనిక సరిహద్దు మండలంలో భాగం. టర్కీ సేనల నుంచి ఎల్లలు కాచినందుకు అక్కడి సెర్బు కుటుంబాలకు ప్రత్యేక హక్కులు ఉండేవి. ఆ మండలాన్ని రద్దు చేసి హంగేరీకి అప్పగించినప్పుడు తమ సేవలన్నీ మరచిపోయారన్న బాధ ఆ పల్లెల్లో మిగిలింది. పూపిన్ తండ్రి కాన్‌స్టాంటిన్ రైతు. తల్లి ఒలింపియాడకు అక్షరం ముక్క రాదు. అయినా కుమారుని చదువు కోసం ఆమె పడిన ఆరాటం అంతా ఇంతా కాదు.

వేసవి రాత్రులలో ఊరి బాలురు పశువులకు కాపలా ఉండేవారు. పక్కనున్న మొక్కజొన్న చేలలో దొంగలు పొంచి ఉండేవారు. చీకట్లో ఒకరికొకరు సంకేతాలు పంపుకోవడానికి బాలురు కత్తిని నేలలో గుచ్చి, దాని పిడిని తట్టేవారు. దూరాన ఉన్నవారు నేలకు చెవి ఆనించి ఆ చప్పుడు వినేవారు. గట్టి పచ్చిక నేలలో చక్కగా సాగే శబ్దం, దున్నిన మెత్తని చేనులో అణగిపోయేది. ఎందుకిలా అన్న ప్రశ్న ఆ బాలుని మనసులో నాటుకుంది. ఇద్వోర్ బడి దాటి పాంచెవో పట్టణంలో జర్మన్ మాధ్యమంలో చేరిన పూపిన్‌కు సైమన్ కోస్ అనే స్లొవీన్ ఉపాధ్యాయుడు భౌతికశాస్త్రంపై మక్కువ కలిగించారు.

తర్వాత ప్రాగ్‌లో చదువుతుండగా తండ్రి మరణించారు. తల్లికి భారం కాకూడదని పూపిన్ పుస్తకాలు, గడియారం, చివరికి గొర్రెతోలు కోటు కూడా అమ్మి ఓడ టికెట్టు కొన్నారు. కోటు లేక, ఓడ పొగగొట్టాన్ని ఆనుకుని చలి రాత్రులు గడిపారు. 1874 మార్చిలో న్యూయార్క్ చేరేనాటికి జేబులో ఉన్నది 5 సెంట్లు. పొలాల్లో కూలికి వెళ్లారు, బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేశారు, రాత్రి తరగతుల్లో చదువుకున్నారు. 1879లో కొలంబియా కళాశాలలో చేరి 1883లో పట్టం పుచ్చుకున్నారు. కేంబ్రిడ్జిలో గణితం అభ్యసించి, బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ వద్ద పరిశోధన చేసి 1889లో డాక్టరేట్ సాధించారు. అదే ఏట కొలంబియాలో బోధన ప్రారంభించారు.

ఆ రోజుల్లో టెలిఫోన్‌కు దూరమే శత్రువు. కేబుల్‌లో పక్కపక్కనే సాగే రెండు తీగలు విద్యుదావేశాన్ని నిల్వ చేసుకుంటాయి. అందువల్ల మాటలోని సన్నని స్వరాలు ముందుగా క్షీణించి, పలుకు ముద్దగా మారుతుంది. తీగకు ప్రేరకత్వం జోడిస్తే ఈ లోపం తగ్గుతుందని ఇంగ్లండుకు చెందిన ఆలివర్ హెవిసైడ్ 1887లోనే సిద్ధాంతం చెప్పారు. ఎంత దూరానికొక చుట్ట అమర్చాలన్నదే చిక్కు. చుట్టలు మరీ దూరమైతే ప్రయోజనం ఉండదు. పూసలు గుచ్చిన దారం కంపించే తీరును గణితంతో పరిశీలించి, ఒక తరంగం నిడివిలో పలు చుట్టలు ఉండాలని పూపిన్ నిరూపించారు. 1900లో ఆయనకు పేటెంటు దక్కింది. దీనితో సన్నని రాగి తీగతోనే మునుపటికంటే ఎక్కువ దూరం మాట్లాడటం సాధ్యమైంది. ఐరోపాలో ఈ పద్ధతికి పూపినీకరణ అన్న పేరు స్థిరపడింది. అయితే ఈ చుట్టలు మాటకు అవసరమైన పౌనఃపున్యాలను దాటి పైవాటిని అడ్డుకుంటాయి. అందుకే తర్వాతి కాలంలో అవే తీగలపై బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడానికి వాటిని తొలగించాల్సి వచ్చింది.

ఈ ఘనత ఒక్కరిదే అనడం న్యాయం కాదు. టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీలో పనిచేసిన జార్జ్ కాంప్‌బెల్ స్వతంత్రంగా ఇదే పద్ధతి కనుగొన్నారు. పేటెంటు వివాదంలో గెలుపు పూపిన్‌దైంది. ఆ సంస్థ ఆయన హక్కులను కొనగా ఆయన ధనవంతులయ్యారు. మూలసిద్ధాంతం చెప్పిన హెవిసైడ్‌కు మాత్రం ఆ సంపదలో భాగం దక్కలేదు. 1925లో ఆయన లేమిలోనే కన్నుమూశారు.

పూపిన్ ఆత్మకథ 1923లో వెలువడి, మరుసటి ఏట పులిట్జర్ బహుమతి పొందింది. పేరు, ధనం వచ్చినా ఆయన మాతృభాషను, పుట్టిన ఊరిని విడువలేదు. బడుల సహాయార్థం 1914లో తల్లి పేరిట నిధి నెలకొల్పారు. 1919 పారిస్ శాంతి సదస్సు వేళ అక్కడికి వెళ్లి, బానాత్ సరిహద్దు విషయంలో తనవారి పక్షాన వాదించారు. ఇద్వోర్ యుగోస్లావియాలో చేరింది. 1935 మార్చి 12న న్యూయార్క్‌లో పూపిన్ మరణించారు. కొలంబియాలో భౌతికశాస్త్ర భవనానికి, బెల్‌గ్రేడ్‌లో ఒక పరిశోధన సంస్థకు ఆయన పేరు పెట్టారు. ఇద్వోర్ ప్రజల విజ్ఞానం కోసం ఆయన సంకల్పించిన ప్రజాభవనం 1936లో పూర్తయింది. ఇంట ఒక భాష, బడిలో మరొక భాషతో పెరిగే పిల్లలున్న కుటుంబాలకు ఈ జీవితం ధైర్యాన్నిస్తుంది.