జె. జె. థామ్సను మహాశయుడు

జోసెఫ్ జాన్ థామ్సను 1856వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన మాంచెస్టరు నగరమునకు చేరిన చీతమ్ హిల్లున జన్మించెను. తండ్రి పుస్తక విక్రేత. కుమారుని ఇంజనీరును చేయవలెనని ఆయన కోరిక. రైలుయంత్రములు చేయు కర్మాగారమున పని నేర్చుకొనుటకు వంతు వచ్చునంతవరకు కాలము వ్యర్థము కాకుండుటకై, పదునాలుగవ యేటనే బాలుని ఓవెన్సు కళాశాలకు పంపెను. 1873లో తండ్రి గతించెను. కర్మాగారమువారికి చెల్లింపవలసిన పెద్ద రుసుము ఆ కుటుంబమునకు శక్యము గాకపోయెను. ధనలేమిచేత ఇంజనీరు కాజాలని ఆ బాలుడు గణితశాస్త్రమునందు కృషిచేసి, విద్యార్థివేతనము సంపాదించి, 1876లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలను ప్రవేశించెను.

1884లో, ఇరువదియెనిమిదేండ్ల ప్రాయముననే, ఆయన కావెండిషు ప్రయోగశాలకు ఆచార్యుడయ్యెను. చిత్రమేమనగా, ఆయనకు చేతిపనియందు నేర్పు చాలదు. గురువుగారు ఉపకరణములను సమీపించినచో సహాయకులు బెదరెడివారట! గాజు నూది, ఆ సున్నితమైన గొట్టములను నిర్మించినవాడు ఎబెనీజరు ఎవరెట్టు అను సహాయకుడు. ఈ పేరును తలపక థామ్సను కథ చెప్పుట న్యాయము కాదు.

గాజుగొట్టములోని గాలిని మిక్కుటముగ తీసివైచి విద్యుత్తును ప్రసరింపజేసినయెడల, కాథోడను ఋణధ్రువమునుండి కిరణములు వెడలి ఎదుటి గాజును పచ్చగ మెరయజేయును. ఇవి విద్యుత్తు గల కణములని ఇంగ్లండులోని క్రూక్సు మున్నగువారును, ఈథరునందలి తరంగములని జర్మను పండితులలో పెక్కుమందియు వాదించిరి. కణములే యైనచో విద్యుత్తు నెక్కించిన రెండు పలకల నడుమ అవి ప్రక్కకు వంగవలెను గదా! 1883లో హెర్ట్సు పరీక్షించి చూడగా వంగలేదు. తరంగవాదమునకు బలము కలిగెను.

థామ్సను ఈ ఫలితమును వేరువిధముగ తలపోసెను. గొట్టమున మిగిలిన కొంచెపు వాయువే ఆ కిరణముల తాకుడుచే విద్యుద్వాహకమై పలకల ప్రభావమును అణచివేయుచున్నది! ఆ వాయువును ఇంకను తొలగింపజేసి చూచెను. కిరణము వంగెను.

అయస్కాంతముచేతను విద్యుత్తుచేతను కలుగు ఈ వంపులను కొలిచి, కణముయొక్క ద్రవ్యరాశికిని విద్యుత్తునకును గల నిష్పత్తిని ఆయన గణించెను. గొట్టములోని వాయువును మార్చినను, కాథోడు లోహమును మార్చినను ఫలితము దాదాపు ఒక్కటే. అది ఉదజని విషయమున తెలిసిన నిష్పత్తిలో సుమారు వేయవవంతు మాత్రమే! 1897 ఏప్రిలు 30న రాయల్ ఇన్‌స్టిట్యూషనునందు ఆయన పరమాణువుకంటె చిన్న కణము కలదని ప్రకటింపగా, ఒక ప్రముఖుడు అది పరిహాసమని తలచెనట. ఆ యేటనే జర్మనీలో వీఖెర్టు, కాఫ్‌మనులును ఇట్టి కొలతలు చేసిరి. అయితే సకల పదార్థముల పరమాణువులందును ఈ కణమే భాగమని తెగించి పలికినవాడు థామ్సను. 1899లో కణముయొక్క విద్యుత్తును వేరుగ కొలిచిన పిమ్మట సందేహము చాలవరకు తీరెను. దానికి ఎలక్ట్రాను అను పేరు నిలిచినది.

1906లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. 1937లో ఆయన కుమారుడు జార్జి పేజెట్ థామ్సనుకును అదే బహుమానము వచ్చెను. తండ్రి కణమని స్థాపించిన ఎలక్ట్రానునందు తరంగధర్మమును కలదని చూపినందుకే! వృద్ధుడైన తండ్రి ఆ వార్త వినుటకు జీవించియే యుండెను. 1940 ఆగస్టు 30న ఆయన దివంగతుడు కాగా వెస్ట్‌మినిస్టరు దేవాలయమున సమాధి చేసిరి.